అమెరికా తొలినాళ్ళ రాజకీయ గొడవలు హైస్కూల్ పిల్లలకి ఎలా చెప్పాలి: అప్పు దగ్గర మొదలుపెట్టండి

నేను సెంట్రల్ జెర్సీలో ఒక పబ్లిక్ హైస్కూల్లో యూఎస్ హిస్టరీ చెప్తాను. ఈ మధ్య నా ఫ్రెండ్స్‌లోనే ముగ్గురు సబ్‌స్టిట్యూట్ టీచర్లుగా చేరారు, ఇంకో ఇద్దరు వీకెండ్‌లో మన పిల్లల్ని డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చోబెట్టి ఏపీ యూఎస్ హిస్టరీ చదివిస్తున్నారు, పిల్లలు దాన్ని ఏపుష్ అంటారులెండి. వీళ్ళందరూ ఫోన్ చేసి అడిగేది ఒకటే, 1790ల చాప్టర్ వచ్చేసరికి పిల్లలు నిద్రపోతున్నారు, ఏం చేయాలి అని. విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇక్కడ రాసేస్తున్నా, నేను చేసే వరసలోనే.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. మొదటి సంవత్సరం బోర్డు మీద నిలువుగా ఒక గీత గీశాను, ఎడమ పక్క మొదటి ప్రెసిడెంట్ వాషింగ్టన్ దగ్గర ఖజానా చూసిన హామిల్టన్, కుడి పక్క విదేశాంగం చూసిన జెఫర్సన్. ఈయనకి బ్యాంకు కావాలి ఆయనకి వద్దు, ఈయనకి ఇంగ్లండ్ ఆయనకి ఫ్రాన్స్, ఈయనకి వ్యాపారం ఆయనకి వ్యవసాయం. పిల్లలు బుద్ధిగా ఎక్కించుకున్నారు, టెస్టులో అందరికీ మంచి మార్కులే. వారం తర్వాత ఒకమ్మాయిని, అసలు బ్యాంకు గురించి అంతలా ఎందుకు కొట్టుకున్నారమ్మా అని అడిగితే "జెఫర్సన్‌కి వ్యవసాయం ఇష్టం కదా మిస్" అంది. తప్పు ఆ పిల్లది కాదు, నా గీతది. ఆ టేబుల్ ప్రతి గైడ్ బుక్‌లోనూ ఉంటది, మీరు మాత్రం చివరి రోజు వరకూ పిల్లలకి చూపించకండి. ఎవరి చేతిలోంచి ఏం పోతోంది, ఎవరి చేతికి ఏం వస్తోంది, అది ముందు తెలియాలి, సిద్ధాంతాలు ఆ వెనకాలే వస్తాయి.

ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పేయండి. రాజ్యాంగంలో రాజకీయ పార్టీల ఊసే లేదు. 1787లో ఫిలడెల్ఫియాలో రాసినవాళ్ళ దృష్టిలో పార్టీ అంటే ముఠా, తిట్టు కింద లెక్క. కాబట్టి వీళ్ళు పార్టీలు పెట్టుకుందాం అని పెట్టుకోలేదు, ఒక గొడవ మీద ఇంకో గొడవ పడుతూ పడుతూ పదేళ్ళలో రెండు వర్గాలుగా తేలారు, ఆ పదేళ్ళూ అవతలివాడు దేశాన్ని అమ్మేస్తున్నాడనే ఇద్దరూ నిజంగా నమ్మారు. ఇది పిల్లల బుర్రలో పడితే మిగతాదంతా తేలిక.

మొదటి రోజు: కాగితాలు, చాక్లెట్లు

నా క్లాసులో 28 మంది. పదహారు మందిని సైనికులు చేస్తాను, ఎనిమిది మందిని కొనేవాళ్ళు, నలుగురు కాంగ్రెస్ మెంబర్లు, ఈ నలుగురూ ముందు నోరు మూసుకుని చూడాలి అంతే. యుద్ధం చేసినందుకు సైనికులకి తలా ఒక కాగితం, దాని మీద "100 డాలర్లు, ప్రభుత్వం తర్వాత ఇస్తుంది" అని రాసి ఉంటది. కొనేవాళ్ళకి తలా ఆరు చాక్లెట్లు, ఒక చాక్లెట్ అంటే పది డాలర్లు. ఇప్పుడు గట్టిగా అనౌన్స్ చేయండి, సైనికులందరూ అయిదు నిమిషాల్లో రెండు చాక్లెట్లు పన్ను కట్టాలి, లేకపోతే పొలం జప్తు. వాళ్ళ దగ్గర చాక్లెట్ లేదు, కాగితమే ఉంది. చూడండి ఇక, మీరు ఒక్క ముక్క చెప్పక్కర్లేదు, సంత మొదలైపోద్ది. వంద డాలర్ల కాగితం ఇరవైకి అమ్మేస్తారు, కొంతమంది పదిహేనుకి ఇస్తాం అంటే చాక్లెట్ ఎలా విరగ్గొట్టాలి అని తన్నుకుంటారు. ఒకసారి కొనేవాళ్ళలో ఒకడు బేరం మొదలవక ముందే తన పెట్టుబడి మొత్తం తినేశాడు, కాబట్టి రేపర్ విప్పినవాడి చాక్లెట్ చెల్లదు అని రూల్ పెట్టుకోండి.

అమ్మకాలయ్యాక మీరు హామిల్టన్. 1790 జనవరిలో ట్రెజరీ సెక్రటరీగా ఆయన కాంగ్రెస్‌కి రిపోర్టు పంపాడు, కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి పూర్తి విలువ అని. అంటే ఇరవైకి కొన్నవాడికి వంద. సైనికులు లేచి అరుస్తారు, "అది నాది, నేను ఫైట్ చేశాను!" అని. అరవనివ్వండి, మీ లెసన్ అదే. పక్క క్లాస్ టీచర్‌కి ముందే చెప్పి ఉంచుకోండి.

అరుపులు తగ్గాక కాంగ్రెస్ నలుగురినీ అడగండి, ఏం చేద్దాం అని. దాదాపు ప్రతి సంవత్సరం వాళ్ళలో ఒకళ్ళు అప్పటి కాంగ్రెస్ మెంబర్ జేమ్స్ మాడిసన్ చెప్పిందే చెప్తారు, ఆయన పేరు కూడా తెలియకుండా: కొన్నవాడికి మార్కెట్ రేటు ఇద్దాం, మిగతాది మొదటి సైనికుడికి ఇద్దాం. అప్పుడు మీరు హామిల్టన్ వైపు వాదించండి. మొదట ఎవరిదో ఎవరు తేలుస్తారు, చేతులు నాలుగు మారిన కాగితాలున్నాయి. అంతకంటే ముఖ్యం, అమ్మినది అమ్మినట్టు కాదని ప్రభుత్వమే అంటే రేపు మన కాగితం ఎవడు కొంటాడు? హౌస్‌లో, అంటే కాంగ్రెస్ దిగువ సభలో, మాడిసన్ ప్రతిపాదన 36-13 ఓట్లతో ఓడిపోయింది, ఈ అంకె బోర్డు మీద రాసి వదిలేయండి. ఒక చిన్న సవరణ మాత్రం తప్పక చెప్పాలి, నిజంగా చేతికి నగదు ఇవ్వలేదు, వడ్డీ వచ్చే కొత్త బాండ్లు ఇచ్చారు. అప్పు తీర్చేయడం కాదు, అప్పుని నమ్మకంగా నడపడం హామిల్టన్ ప్లాన్. ఆ నమ్మకం ఉంటే డబ్బున్నవాళ్ళందరూ ఈ కొత్త ప్రభుత్వం బతకాలని కోరుకుంటారు, వాళ్ళ డబ్బు ఇరుక్కుంది కదా మరి.

రెండో రోజు: అన్నదమ్ముల అప్పు, ఒక డిన్నర్

ఫెడరల్ ప్రభుత్వం అప్పు సుమారు 5 కోట్ల 40 లక్షల డాలర్లు, అందులో ఫ్రాన్స్‌కి, డచ్ బ్యాంకర్లకి ఇవ్వాల్సిందే కోటి పైచిలుకు. ఇది కాక రాష్ట్రాలకి విడిగా ఉన్న యుద్ధపు అప్పులు ఇంకో రెండున్నర కోట్లు. వీటిని కూడా ఫెడరల్ ప్రభుత్వమే నెత్తిన వేసుకుంటుంది అన్నాడు హామిల్టన్.

మన పిల్లలకైతే నేను ఇంట్లో ఇలా చెప్తా. నలుగురు అన్నదమ్ములు, ఉమ్మడి కుటుంబం. ఒకడు కడుపు మాడ్చుకుని తన అప్పు చాలావరకు తీర్చేశాడు, ఇంకొకడి అప్పు పేరుకుపోయి అలాగే ఉంది. ఇప్పుడు పెద్దన్న వచ్చి అందరి అప్పులూ కలిపేద్దాం, అందరం కలిసి కడదాం అంటే తీర్చేసినవాడికి ఎలా ఉంటది? ఆ తీర్చేసినవాడు వర్జీనియా, మీదేసుకుని కూర్చున్నవాళ్ళు మసాచుసెట్స్, సౌత్ కరోలినా. ఇక్కడ పిల్లలకి ఒకటి కనిపిస్తది, సౌత్ కరోలినా దక్షిణాది రాష్ట్రమే కానీ ఈ విషయంలో హామిల్టన్ వైపు. ఉత్తరం-దక్షిణం అని గీత గీస్తే తప్పిపోయేవి ఇలాంటివే. 1790 ఏప్రిల్‌లో హౌస్‌లో ఓటింగ్ పెడితే 31-29తో పోయింది, రెండే ఓట్లు.

తర్వాత డిన్నర్. న్యూయార్క్‌లో మెయిడెన్ లేన్ మీద జెఫర్సన్ అద్దెకున్న ఇల్లు, జూన్ నెల, టేబుల్ దగ్గర హామిల్టన్, మాడిసన్. అప్పుల బిల్లుకి మాడిసన్ అడ్డం పడకుండా ఉండాలి, దానికి బదులు రాజధాని పదేళ్ళు ఫిలడెల్ఫియాలో ఉండి తర్వాత దక్షిణాన పొటోమాక్ నది ఒడ్డుకి వెళ్ళాలి. ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టి ఎవరికి ఏం కావాలో చీటీల మీద రాసిచ్చి, పది నిమిషాలు బేరమాడించండి, మిగతావాళ్ళు ఏం దొరికింది ఏం వదులుకున్నారు అని రాసుకోవాలి. అయిపోయాక ఒక ప్రశ్న వేయండి, ఈ డిన్నర్ గురించి మనకి ఎవరు చెప్పారు? ముఖ్యంగా జెఫర్సనే, తర్వాతెప్పుడో, ఆ బేరం మీద మనసు విరిగిపోయాక రాసుకున్నాడు, హామిల్టన్ నన్ను పావుగా వాడుకున్నాడు అన్న ధోరణిలో. మరి ఎంతవరకు నమ్మాలి? ఏపుష్ పరీక్షలో డీబీక్యూ అనే వ్యాసం ప్రశ్నకి ఏడు డాక్యుమెంట్లిచ్చి సోర్స్ గురించి రాయమంటారే, ఆ పనికి దీన్ని మించిన ప్రాక్టీస్ లేదు, చెప్పేవాడు ఎవరు, ఎప్పుడు చెప్తున్నాడు, చెప్తే వాడికేంటి.

బ్యాంకు: ఒక్క మాట మీద

దీనికి ఒక పీరియడ్ చాలు, కానీ చెప్పకుండా దాటేయకండి. రాజ్యాంగం మొదటి ఆర్టికల్ ఎనిమిదో సెక్షన్ చివర్లో, పైన చెప్పిన అధికారాలు నడపడానికి అవసరమైన, తగిన చట్టాలు కాంగ్రెస్ చేసుకోవచ్చు అని ఉంది. బ్యాంకు పెట్టొచ్చు అని ఎక్కడా లేదు. 1791 ఫిబ్రవరిలో బిల్లు వాషింగ్టన్ టేబుల్ మీదకొచ్చింది, ఆయన జెఫర్సన్‌నీ హామిల్టన్‌నీ చెరొక అభిప్రాయం రాసిమ్మన్నాడు.

మా అమ్మ నన్ను కొట్టుకి పంపి "ఇంటికి అవసరమైనవి తే" అని డబ్బులిచ్చిందనుకోండి. బియ్యం, పప్పు, నూనె తెస్తే జెఫర్సన్. ఎవరైనా చుట్టాలొస్తే ఉంటది కదా అని బిస్కెట్ ప్యాకెట్ కూడా తెస్తే హామిల్టన్. అది లేకపోతే పని జరగదు అన్నంత అవసరమా, ఉంటే పని బాగా అవుద్ది అన్నంత అవసరమా? క్లాసులో అయితే నేను బాత్రూమ్ పాస్ ఉదాహరణ వాడతా, అవసరమైతేనే పాస్ అని స్కూల్ రూల్ అనుకుందాం, మొహం కడుక్కోవడం అవసరమా అని అడిగితే ఇరవై నిమిషాలు వాదించుకుంటారు, రాజ్యాంగం ఎలా చదవాలి అనే చర్చ మొత్తం అందులో వచ్చేస్తది. వాషింగ్టన్ 25 ఫిబ్రవరి 1791న సంతకం పెట్టేశాడు, 20 ఏళ్ళ చార్టర్, కోటి డాలర్ల మూలధనంలో అయిదో వంతు ప్రభుత్వానిది.

విస్కీ: ముందు లెక్క, తర్వాత తిరుగుబాటు

విస్కీ అనగానే పదకొండో క్లాసు పిల్లలు నవ్వుతారు, నవ్వనిచ్చి లెక్క చేయించండి. పశ్చిమ పెన్సిల్వేనియా రైతు అలెగెనీ కొండలు దాటించి ధాన్యం అమ్మాలి. ఒక గుర్రం గింజల్ని నాలుగు బుషెల్స్ మోస్తది, అదే విస్కీ చేస్తే దాదాపు 24 బుషెల్స్ ధాన్యం మోసినట్టు. కాబట్టి అది వాళ్ళకి సరదా కాదు, పంట రవాణా అయ్యే పద్ధతి, ఆ ఊళ్ళలో నోట్లు నాణేల బదులు విస్కీయే చేతులు మారేది. దాని మీద 1791లో పన్ను, అది కూడా నగదుగా కట్టాలి. పెద్ద బట్టీవాడు ఏడాదికి ఒకేసారి కడితే గ్యాలన్‌కి తక్కువ పడేది, చిన్న రైతుకి ఎక్కువ. కట్టకపోతే కేసు విచారణ ఎక్కడో ఫిలడెల్ఫియాలో, మూడొందల మైళ్ళు.

ఇప్పుడు అడగండి, మీరు రైతు, ఏం చేస్తారు? 1794 జులైలో వాళ్ళు పన్ను అధికారి జాన్ నెవిల్ ఇంటి మీద పడి తగలబెట్టారు. వాషింగ్టన్ దాదాపు 13 వేల మంది మిలీషియాని పోగేసి, కొంత దూరం తనే ముందుండి నడిపించాడు. సైన్యం వెళ్ళేసరికి అక్కడ కొట్లాడటానికి ఎవరూ లేరు. ఇద్దరికి రాజద్రోహం శిక్ష పడింది, ఆ ఇద్దరినీ ఆయనే క్షమించేశాడు. "టీ పారేసినప్పుడు హీరోలు, విస్కీకి మాత్రం ద్రోహులా?" అని నా క్లాసులో ఎవరో ఒకరు అడగకుండా ఏ సంవత్సరమూ గడవలేదు. మీరు జవాబు చెప్పకండి. 1773లో బోస్టన్‌లో బ్రిటిష్ టీ సముద్రంలో పారేసినవాళ్ళకి పార్లమెంట్‌లో సీటు లేదు, 1794లో వీళ్ళకి కాంగ్రెస్‌లో ఉంది, ఆ తేడా సరిపోతుందా అని తిరిగి వాళ్ళ మీదకే విసరండి.

పేపర్లు, ఫ్రాన్స్, జే ఒప్పందం: త్వరగా

ఇక్కడ చాలామంది టీచర్లు ఇరుక్కుపోతారు, ఫ్రాన్స్ రాయబారి ఎడ్మండ్ జెనే, న్యూట్రాలిటీ, జే ఒప్పందం అంటూ వారం లాగుతారు. నేను ఒక్క రోజే ఇస్తా. 1793లో ఇంగ్లండ్-ఫ్రాన్స్ యుద్ధం మొదలైంది, వాషింగ్టన్ మేం ఎవరివైపూ కాదు అన్నాడు, ఇంగ్లండ్‌తో జాన్ జే కుదుర్చుకొచ్చిన ఒప్పందం 1795లో సెనేట్‌లో 20-10తో, అంటే సరిగ్గా మూడింట రెండొంతులతో అతికష్టం మీద గట్టెక్కింది, ఊరూరా జే బొమ్మలు తగలబెట్టారు, న్యూయార్క్‌లో దాన్ని సమర్థించి మాట్లాడబోయిన హామిల్టన్ మీద రాళ్ళు పడ్డాయి. ఇంత చాలు. కొత్త విషయం ఏంటంటే డబ్బు మీద మొదలైన గొడవ ఇప్పుడు "నువ్వు ఏ దేశం మనిషివి" అనేదాకా వచ్చింది.

పేపర్ల సంగతి మాత్రం వదలకండి, పిల్లలకి భలే ఎక్కుద్ది. జాన్ ఫెనో పేపర్ హామిల్టన్ వైపు, ఫిలిప్ ఫ్రెనో పేపర్ జెఫర్సన్ వైపు, పేర్లు కూడా ప్రాసలో కుదిరాయి. ఈ ఫ్రెనోకి జెఫర్సన్ తన స్టేట్ డిపార్ట్‌మెంట్‌లో ట్రాన్స్‌లేటర్ ఉద్యోగం ఇచ్చాడు, ఏడాదికి 250 డాలర్లు. అంటే ప్రభుత్వం జీతం తింటూ ప్రభుత్వాన్నే తిట్టే పేపర్ నడిపాడు. "ఇది లీగలేనా?" అని అడుగుతారు. మంచి ప్రశ్న, హోంవర్క్‌గా ఇచ్చేయండి.

సెడిషన్ చట్టం: ఇక్కడ ఆగండి

ప్రభుత్వాన్ని తిట్టి రాస్తే నేరం అన్న చట్టం ఇది. ఈ యూనిట్ మొత్తంలో నాకు ఇష్టమైంది ఇదే, రెండు రోజులు ఇస్తాను. ఇక్కడ ఒకే మనిషిని పట్టుకోండి, మాథ్యూ లయన్. ఐర్లాండ్ నుంచి కుర్రవాడిగా వచ్చాడు, ఓడ ఖర్చుకి బదులు ఏళ్ళ తరబడి పనిచేసే ఒప్పందం మీద, తర్వాత వెర్మాంట్ నుంచి కాంగ్రెస్ మెంబర్ అయ్యాడు. 1798 జనవరిలో కనెక్టికట్ మెంబర్ రోజర్ గ్రిస్వోల్డ్ ఇతని సైనిక చరిత్ర మీద వెటకారం చేస్తే మొహం మీద ఉమ్మేశాడు, హౌస్‌లోనే. రెండు వారాల తర్వాత గ్రిస్వోల్డ్ చేతికర్రతో వచ్చి బాదాడు, లయన్ పొయ్యి దగ్గరున్న పట్టకారు అందుకున్నాడు. ఆ సీన్ మీద అప్పట్లో వేసిన కార్టూన్ ఒకటుంది, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో దొరుకుద్ది, ప్రొజెక్టర్ మీద పెట్టి అయిదు నిమిషాలు ఏమీ మాట్లాడకండి, వెనక నవ్వుతున్నవాళ్ళు ఎవరు, గోడ మీద ఏముంది, ఎవరి చేతిలో ఏముంది, అన్నీ వాళ్ళే చెప్తారు.

తర్వాత చట్టం కాపీలు పంచండి, సారాంశం కాదు, అసలు పాఠమే, చిన్నదే. 14 జులై 1798. ప్రభుత్వం మీద, కాంగ్రెస్ మీద, ప్రెసిడెంట్ మీద తప్పుడుగా, దురుద్దేశంతో రాస్తే 2000 డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ళ దాకా జైలు. పిల్లలకి రెండు వెతుకులాటలు ఇవ్వండి. ఒకటి, ఈ లిస్టులో లేని పెద్ద పదవి ఏది? మూడు నిమిషాలు గది నిశ్శబ్దంగా ఉంటది, తర్వాత వెనక బెంచీలోంచి ఎవడో "వైస్ ప్రెసిడెంట్!" అంటాడు. అప్పుడు వైస్ ప్రెసిడెంట్ ఎవరు? జెఫర్సన్. 1796 ఎన్నికలో ప్రెసిడెంట్‌గా గెలిచిన జాన్ ఆడమ్స్‌కి 71 ఎలక్టోరల్ ఓట్లు, జెఫర్సన్‌కి 68, అప్పటి రూల్ ప్రకారం రెండో స్థానం వచ్చిన ప్రత్యర్థే వైస్ ప్రెసిడెంట్. అంటే ఆయన్ని ఎంతైనా తిట్టుకోవచ్చు. రెండు, ఈ చట్టం ఎప్పుడు అయిపోద్ది? 3 మార్చి 1801. మర్నాడే కొత్త ప్రెసిడెంట్ వచ్చేది. మనం ఓడిపోతే ఇది మన మీద వాడకూడదు అని ముందే చూసుకున్నారు. ఈ రెండూ పిల్లలు సొంతంగా పట్టుకోవాలి, దయచేసి మీరు ముందే చెప్పేసి ఆ సరదా పాడుచేయకండి.

ఎవరి మీద వాడారు అంటే, మొదట లయనే. నాలుగు నెలల జైలు, 1000 డాలర్ల జరిమానా. జైల్లో ఉండగానే వెర్మాంట్ జనం మళ్ళీ గెలిపించారు. మా జెర్సీ కేసు కూడా ఒకటుంది. నెవార్క్ మీదుగా ఆడమ్స్ వెళ్తుంటే గౌరవంగా ఫిరంగులు పేల్చారు, తాగి ఉన్న లూథర్ బాల్డ్విన్ అనే ఆయన ఆ గుండు ప్రెసిడెంట్ వెనక భాగంలోంచి పోయినా నాకేం అన్నట్టు వాగాడు, 150 డాలర్ల జరిమానా పడింది. ఇండియా నుంచి వచ్చిన మనవాళ్ళందరూ సూట్‌కేసులు దించుకునేది ఆ నెవార్క్‌లోనే, ఈ కథ మాత్రం ఎవరికీ తెలీదు.

అదే వేసవిలో పౌరసత్వం చట్టం కూడా మార్చారు, అయిదేళ్ళు ఉంటే చాలన్నది 14 ఏళ్ళు చేశారు, ఎందుకంటే కొత్తగా వచ్చిన ఐరిష్ వాళ్ళు ఎక్కువగా జెఫర్సన్ వైపే ఓటేసేవాళ్ళు. మన పిల్లల టేబుల్ దగ్గర ఈ మాట చెప్తే ఎవడో ఒకడు "మా డాడీ గ్రీన్ కార్డ్ కూడా అంతేగా" అంటాడు. అది వేరే, ఇది వేరే అని ఓపిగ్గా చెప్పండి, కానీ ఆ అంకె వాళ్ళు జీవితంలో మర్చిపోరు.

ఫెడరలిస్టుల్ని, అంటే ఈ చట్టం తెచ్చిన హామిల్టన్, ఆడమ్స్ వర్గాన్ని, విలన్లు చేసి వదిలేయకండి కూడా. అప్పటికి ఫ్రాన్స్ ఓడలు అమెరికా సరుకు ఓడల్ని పట్టుకుంటున్నాయి, మాట్లాడటానికి వెళ్ళిన రాయబారుల్ని ఫ్రెంచి ఏజెంట్లు లంచం అడిగారు, యుద్ధం వచ్చేస్తోంది అన్న భయం నిజమైనదే. క్లాసులో సగం మందికి చట్టాన్ని సమర్థించే పని ఇవ్వండి, అదీ దాన్ని ఎక్కువగా తిట్టినవాళ్ళకే. మొదట మొహం మాడ్చుకుంటారు, అరగంటలో లాయర్లు అయిపోతారు. అవతల జెఫర్సన్, మాడిసన్ ఏం చేశారు, కెంటకీ, వర్జీనియా శాసనసభల కోసం రహస్యంగా తీర్మానాలు రాసిచ్చారు, ఈ చట్టాలు రాజ్యాంగ విరుద్ధం అని రాష్ట్రాలే తేల్చొచ్చు అన్నట్టు. ఆ వాదన తర్వాత తరంలో ఎవరి చేతిలో పడిందో ఫెడరల్ చట్టం మా దగ్గర చెల్లదు అన్న సౌత్ కరోలినా చాప్టర్ వచ్చినప్పుడు గుర్తుచేయండి.

1800 ఎన్నిక: గోడ మీద పదహారు కాగితాలు

ఆడమ్స్‌కి 65, జెఫర్సన్‌కి 73, జెఫర్సన్‌తో కలిసి నిలబడ్డ ఆరన్ బర్‌కి కూడా 73. ఎలక్టర్లు, అంటే ప్రెసిడెంట్‌ని ఎన్నుకునే రాష్ట్రాల ప్రతినిధులు, రెండేసి ఓట్లు వేసేవాళ్ళు, ఏది ప్రెసిడెంట్‌కి ఏది వైస్‌కి అని రాయడం లేదు, ఒక్కడైనా ఒక ఓటు తగ్గించాల్సింది, తగ్గించలేదు. టై. బర్ తప్పుకోలేదు. హౌస్ తేల్చాలి, రాష్ట్రానికి ఒక్క ఓటు, 16 రాష్ట్రాల్లో 9 కావాలి, ఆ హౌస్‌లో ఎక్కువమంది ఓడిపోయిన ఫెడరలిస్టులే.

క్లాసుని 16 గుంపులు చేయండి. డెలావేర్‌కి ఒక్కడినే పెట్టండి, అతను ఫెడరలిస్టు జేమ్స్ బేయర్డ్. వెర్మాంట్‌కి ఇద్దరు, ఒకడు జెఫర్సన్ వైపు ఒకడు ఫెడరలిస్టు, కాబట్టి ప్రతిసారీ ఖాళీ. మేరీల్యాండ్ కూడా అంతే సమానంగా చీలాలి. జెఫర్సన్ 8, బర్ 6, చీలినవి 2. ఓటింగ్ పెట్టండి. మళ్ళీ పెట్టండి. మళ్ళీ. ఏడోసారికి పిల్లలు డెస్కుల మీద తల వాల్చేస్తారు, అప్పుడు చెప్పండి, 11 ఫిబ్రవరి 1801 నుంచి 17 దాకా వాళ్ళు 35 సార్లు ఇదే చేశారు, ఒక జబ్బుపడ్డ మెంబర్‌ని మంచులో మోసుకొచ్చి పక్క గదిలో పడుకోబెట్టి మరీ ఓటు వేయించారు. 36వ సారి బేయర్డ్ వెనక్కి తగ్గాడు, మేరీల్యాండ్, వెర్మాంట్ ఫెడరలిస్టులు తప్పుకున్నారు, జెఫర్సన్‌కి పది రాష్ట్రాలు. ఇప్పుడు నెమ్మదిగా అడగండి, వెర్మాంట్‌లో ఫెడరలిస్టు తప్పుకుంటే మిగిలిన ఆ ఒక్కడు ఎవరు? మాథ్యూ లయన్. జైలుకి పంపిన మనిషే. నా క్లాసులో ఒకసారి దీనికి చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు ఆగకముందే ఇంకో లెక్క పెట్టండి, ఇది తప్పించుకోవద్దు. రాజ్యాంగం ప్రకారం సీట్ల లెక్కలో బానిసల్ని అయిదింట మూడొంతులుగా కలిపారు, వాళ్ళకి ఓటు లేదు కానీ వాళ్ళ పేరు మీద దక్షిణాదికి అదనపు ఎలక్టర్లు వచ్చారు. ఆ అదనం తీసేస్తే ఆడమ్సే గెలిచేవాడని లెక్కలు వేసిన చరిత్రకారులున్నారు. స్వేచ్ఛ గెలిచింది అన్న జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా బానిసల యజమాని. నేను ఇది చెప్పాక కాసేపు క్లాసు మాట్లాడదు, నేనూ మాట్లాడను.

4 మార్చి 1801 తెల్లవారుజామున నాలుగింటికే ఆడమ్స్ బండెక్కి వెళ్ళిపోయాడు, ప్రమాణస్వీకారానికి ఉండలేదు. కానీ సైన్యాన్ని పిలవలేదు, అలిగి వెళ్ళాడంతే. ఆ తేడా మీద ఒక పేజీ రాయించండి.

కొన్ని జాగ్రత్తలు

నా గదిలో 1804 రూల్ ఉంది. యూనిట్ అయ్యేదాకా ఎవరూ 1804 దాటిన విషయం మాట్లాడకూడదు, ఇప్పటి ప్రెసిడెంట్ల పేర్లు అసలే వద్దు. తల్లిదండ్రుల ఈమెయిల్స్‌కి భయపడి అని కొలీగ్స్ అంటారు, కొంత నిజమే, కానీ అసలు కారణం ఏంటంటే ఇప్పటి పార్టీ పేరు వినబడగానే పిల్లలు ఆలోచించడం ఆపేసి జట్టు కట్టేస్తారు. చివరి రోజు రూల్ ఎత్తేస్తాను, అప్పటికి వాళ్ళ దగ్గర మాట్లాడటానికి సరుకు ఉంటది. "జెఫర్సన్ వాళ్ళది రిపబ్లికన్ పార్టీ కదా, ఇప్పటి రిపబ్లికన్లేనా?" అన్న ప్రశ్న మాత్రం మొదటి రోజే వస్తది. కాదు, ఇప్పటి రిపబ్లికన్ పార్టీ 1854లో పుట్టింది, అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్ళిపోండి.

ఉత్తరాలు కావాలంటే నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ ఫౌండర్స్ ఆన్‌లైన్ సైట్ ఉంది, ఫ్రీ, హామిల్టన్ నుంచి ఆడమ్స్ దాకా అందరివీ వెతుక్కోవచ్చు. పేజీలకి పేజీలు ప్రింట్ తీసి ఇవ్వకండి, ఒక పేరా చాలు, కష్టమైన మాటలకి పక్కన అర్థం రాసి.

టెస్టులో "తేడాలు రాయండి" అని అడగొద్దు. 1798లో నెవార్క్‌లో ఒక టావెర్న్ యజమాని బోస్టన్‌లో ఉన్న అన్నకి రాసిన ఉత్తరం రాయమనండి, అప్పు కాగితాలు, విస్కీ పన్ను, సెడిషన్ చట్టం, ఈ మూడింటిలో కనీసం రెండు అందులో రావాలి, అన్న తనతో ఏకీభవించడు అని గుర్తుపెట్టుకుని రాయాలి. చూచిరాత కూడా ఇందులో కష్టం, అది ఇంకో లాభం.

మొత్తానికి నాకు తొమ్మిది రోజులు పడుతుంది. మీకు మూడే ఉన్నాయా, అయితే మొదటి రోజు చాక్లెట్లు, రెండో రోజు లయన్, మూడో రోజు పదహారు రాష్ట్రాలు. బ్యాంకుని బాత్రూమ్ పాస్‌తో పది నిమిషాల్లో చెప్పేయండి, జే ఒప్పందం చదువుకోమని ఇచ్చేయండి. బర్ హామిల్టన్‌ని కాల్చిన డ్యూయెల్‌కి అసలు టైం కేటాయించకండి, వీహాకెన్‌లో 11 జులై 1804 పొద్దున ఏం జరిగిందో మీ కంటే పిల్లలకే బాగా తెలుసు, బెల్ కొట్టాక కూడా వాళ్ళే చెప్తూ ఉంటారు.